‘మీరు కూర్చోండి’ అనకండి

తెలుగిళ్లలో పెద్దవాళ్ల మీద ప్రేమ చూపించే పద్ధతి ఒకటుంది. వాళ్ల చేతిలో పని లాగేసుకోవడం. "మీరు కూర్చోండి అత్తయ్యా, నేను చూసుకుంటాగా." "నాన్నా, ఆ సంచీ ఇటివ్వు, నువ్వెందుకు మోస్తావు?" డెబ్బై దాటిన మనిషి గోంగూర కట్ట ముందేసుకుని కూర్చుంటే చూసినవాళ్లు ఏమనుకుంటారోనన్న జంకు కూడా ఇందులో కలిసి ఉంటుంది. ఒంట్లో బాగున్న పెద్దావిడైతే "ఊరుకోవే" అని కసిరి కట్ట తనవైపు లాక్కుంటుంది. డిమెన్షియా ఉన్న ఆవిడ లాక్కోలేదు. కూర్చోమంటే కూర్చుంటుంది. కాసేపటికి లేచి బీరువాలో చీరలన్నీ మంచం మీద పోస్తుంది. గేటు దాకా వెళ్లి గొళ్లెం లాగుతుంది. "మా ఇంటికి పోతాను" అంటుంది. అడిగిందే పదిసార్లు అడుగుతుంది. జబ్బు ముదిరిపోయిందని ఇంటిల్లిపాదీ బెంగపడతారు. ముదిరి ఉండవచ్చు కూడా. కానీ ఆవిడ పొద్దున్నించీ ఏం చేసిందని అడిగి చూడండి. టిఫిను తిన్నది, మందులు వేసుకున్నది, కూర్చున్నది. అంతకుమించి జవాబు రాదు.

ఒక్క జాగ్రత్త ముందే చెప్పాలి. మనిషి రెండు మూడు రోజుల్లోనే మారిపోతే, అంటే కొత్తగా కంగారు, నిద్రమత్తు, లేనివి కనిపించడం లాంటివి మొదలైతే, ఈ పుస్తకం పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, చెప్పుకోలేని నొప్పి, కొత్తగా మొదలెట్టిన మాత్ర, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. నేను మాట్లాడేది నెలల తరబడి సాగే ఊరికే కూర్చోవడం గురించి.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అంచనా. వీళ్లలో అత్యధికులు ఇళ్లలోనే, కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, భార్యాభర్తల చేతుల మీదుగా బతుకుతున్నారు. అందుకే ఈ అధ్యాయంలో ఖరీదైన సామాను ఏదీ లేదు. వంటగదిలో, పూజగదిలో, పాత ట్రంకు పెట్టెలో ఉన్నవి చాలు.

"సుడోకు చేయిస్తే జ్ఞాపకశక్తి తిరిగొస్తుందా?" అని తప్పకుండా అడుగుతారు. రాదు. ఏ పనీ, ఏ ఆటా ఈ జబ్బును వెనక్కి తిప్పదు. లండన్‌లో 2003లో ఒక పద్ధతిని పరీక్షించారు. కొద్దిమందిని ఒకచోట కూర్చోబెట్టి, వారానికి రెండుసార్లు, మొత్తం 14 సార్లు కబుర్లు, పాటలు, చిన్న ఆటలతో మెదడును కదిలించారు. జబ్బు మధ్యస్థంగా ఉన్నవారి వరకూ కొంత మేలు కనిపించింది. ఆ మేలు నిజమే గాని, అది కొంతే. మన హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఒక సంగతి ప్రకటించింది. ఒకే భాష వచ్చినవాళ్లతో పోలిస్తే రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువు రానివాళ్లలో కూడా అంతే. ఇది విని నాయనమ్మకు ఇప్పుడు హిందీ నేర్పడానికి దిగకండి. అది జీవితమంతా మాట్లాడిన భాషల సంగతి. ఇవాళ ఆవిడకు మనం చేయగలిగింది వేరు. ఈ రోజు గడిచే పద్ధతి మార్చగలం.

అన్నిటికన్నా ముందు పరీక్షలు మానాలి. చుట్టాలు వచ్చీ రాగానే వేసే ప్రశ్న మీకు తెలుసు. "నన్ను గుర్తుపట్టావా? నేనెవరో చెప్పుకో చూద్దాం." గది నిండా జనం ఆ ముసలాయన ముఖంలోకి చూస్తుంటారు. ఆయన నవ్వేసి ఊరుకుంటాడు, లేదా "నీ పేరు నాకెందుకు తెలీదూ!" అని దబాయిస్తాడు. ఆ నవ్వు వెనకా, దబాయింపు వెనకా ఉన్నది అవమానం. అల్జీమర్స్‌లో తొలిరోజుల్లోనే దెబ్బతినేది హిప్పోక్యాంపస్. కొత్త సంగతులను నిలవచేసేది ఆ భాగమే. పొద్దున ఏం టిఫిను తిన్నారని అడగడమంటే సరిగ్గా ఆ దెబ్బ మీదే వేలు పెట్టడం. చుట్టాలకు గుమ్మంలోనే చెప్పండి, పేరూ వరసా వాళ్లే చెప్పుకుంటూ లోపలికి రమ్మని. "పెదనాన్నా, నేను తెనాలి సుబ్బులు కొడుకుని, నిన్ను చూద్దామని వచ్చా." ఇంతే. మిగిలినదంతా ఆయన అందుకుంటాడు.

ఏళ్ల తరబడి చేతులు నేర్చిన పనుల దారి వేరు. పూలు కట్టడం, ముగ్గు వేయడం, తాడు పేనడం లాంటివి మెదడులో వేరే భాగాల అధీనంలో ఉంటాయి. అల్జీమర్స్‌లో అవి చాలాకాలం నిలబడతాయి. కూతురి పేరు తడుముకునే ఆవిడ మల్లెమొగ్గలు ఇస్తే రెండేసి చొప్పున ఎదురెదురుగా పేర్చి ముడి వేసేస్తుంది. (పార్కిన్సన్స్‌తో వచ్చే రకంలో చేతులే మొరాయించవచ్చు. డాక్టరు ఏ రకమని చెప్పారో తెలుసుకోండి.) కాబట్టి వెతకాల్సింది ఆ చేతుల చరిత్ర.

ఈ వెతుకులాటకు ఒక సాయంత్రం కేటాయించండి. పాత స్నేహితుణ్ణో, చెల్లెలినో ఫోనులో పట్టుకోండి. ఇరవై ఏళ్ల వయసులో ఈ మనిషి పొద్దున్నే లేచి ఏం చేసేవారు? దేనిలో గట్టివారని పేరు? ఏది చూస్తే ఒళ్లుమంట? ఆఖరి ప్రశ్న ముఖ్యం. యాభై ఏళ్లు వంటింట్లో మగ్గిన ఆడమనిషికి మళ్లీ చేట చేతికివ్వడం దయ కాకపోవచ్చు. ఆవిడకు పేకముక్కలో, సినిమా పత్రికో కావాలేమో. ఆడవాళ్లంటే వంటపని అని ముందే తేల్చేస్తే సగం మందిని పోగొట్టుకుంటాం.

వంటంటే ఇష్టమున్నవాళ్లకు మాత్రం మన ఇళ్లంత పనిశాల మరోచోట దొరకదు. గోంగూర ఆకు తుంచడం, కరివేపాకు దూయడం, చిక్కుడుకాయల నార తీయడం, చలికాలంలో కందికాయలో అనపకాయలో ఒలవడం, పల్లీల్లో పుచ్చులు ఏరడం. సార్టెక్స్ బియ్యం వచ్చాక రాళ్లేరే పని పోయింది, అదో నష్టం. పూజగదిలో పని ఎప్పటికీ తరగదు. కార్తీక పౌర్ణమికి ఒక్కరికి 365 వత్తులు కావాలి. ఇంట్లో నలుగురుంటే, పక్కింటివాళ్లూ అడిగితే, దూది ముందేసుకుని నెలల తరబడి చేసినా పని మిగులుతుంది. రామకోటి పుస్తకాన్ని ఎవరు కనిపెట్టారో గాని, డిమెన్షియా ఉన్న భక్తులకు అంతకన్నా అనువైన పని నేను ఊహించలేను. గళ్లు గీసి ఉంటాయి, రాయాల్సింది ఒకటే, ఎక్కడ ఆపినా తప్పు లేదు, ఎక్కడినుంచి మొదలెట్టినా తప్పు లేదు. చర్చికి వెళ్లేవారికి పాటల పుస్తకం, నమాజు చేసేవారికి తస్బీహ్ అలాంటివే. తెలంగాణ ఇళ్లలో బతుకమ్మ రోజులొస్తే గునుగు, తంగేడు పూలు ఆవిడ ముందు పోసి తాంబాళం పెట్టండి. ఎంగిలిపూల నాటి బతుకమ్మ వంకరగా వచ్చినా ఆడుకోవచ్చు.

మగ్గం మీద బతికిన పెద్దాయనకు నూలు ఇవ్వండి. పోచంపల్లి, చీరాల, మంగళగిరి, ఏ ఊరివాడైనా సరే, కండెలు చుట్టడం చేతికి తెలుసు. చుట్టే ఓపిక లేకపోతే నాలుగు రకాల గుడ్డముక్కలు ఒళ్లో పెట్టి "ఇది చేనేతా, మిల్లుదా?" అని సలహా అడగండి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి రుద్ది ఆయన తీర్పు చెబుతాడు. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టిన చేతులకు తునికాకు కత్తిరించి చుట్టి దారం కట్టే పని ఇవ్వవచ్చు, పొగాకు లేకుండా. రైతుకు కుండీలో మట్టి, చిక్కుడు విత్తనాలు, నీళ్ల చెంబు. గుంటూరు యార్డులో మిర్చి క్వింటా ఎంత పలికిందో పేపర్లో చూసి చదివి వినిపిస్తే చాలు, ఆయన ఆ పూటంతా దళారులను తిడుతూ ఉషారుగా ఉంటాడు. గుమస్తాకు కరెంటు బిల్లులు, పంచింగు మిషను, ట్యాగు, రబ్బరు స్టాంపు. నెలలవారీగా ఫైలు చేయమనండి.

బడిపంతులు సంగతి నాకు మరీ ఇష్టం. మనవణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి వేమన పద్యమో, సుమతీ శతకమో అప్పచెప్పమనండి. వాడు తప్పు చదివితే పంతులుగారు పట్టుకుంటారు. పేరు మర్చిపోయిన మనిషే యతి తప్పితే ఊరుకోరు. ఇక్కడ పరీక్ష పెట్టేది ఆయన.

మగవాళ్లతో ఒక చిక్కుంది. మన వెనకటి తరం మగవాళ్లలో చాలామందికి ఇంట్లో చేసిన పనంటూ లేదు. వాళ్ల పని పెత్తనం. దాన్ని తీసేసి పప్పు ఏరమంటే చిన్నబుచ్చుకుంటారు. అటువంటివారికి పెత్తనమే పనిగా ఇవ్వాలి. "ఈ బియ్యం పాతవేనా, చూసి చెప్పండి." "కొబ్బరికాయల్లో నీళ్లున్నాయా, ఊపి చూడండి." "పాలవాడికి ఇవ్వాల్సిన డబ్బు మీ చేత్తో ఇవ్వండి." వంద నోటు లెక్కపెట్టి ఇచ్చినందుకు ఆయన రోజంతా నిటారుగా నడిస్తే, అంతకన్నా చౌకైన మందు లేదు. నోటు సంగతి పాలవాడికి ముందే చెప్పి ఉంచండి.

పని ఎంచుకోవడంతో సగమే అయింది. అందించే తీరులో మిగతా సగం ఉంది. ఇక్కడ మనకు సాయపడేది పిల్లల చదువులో పేరుపడ్డ మాంటిస్సోరి పద్ధతి. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చారు. యుద్ధం వల్ల తిరిగి వెళ్లలేక ఏళ్ల తరబడి మన దేశంలోనే ఉండి ఎంతోమంది టీచర్లను తయారుచేశారు. ఆ సూత్రాలనే 1990లలో కామెరాన్ క్యాంప్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డిమెన్షియా ఉన్నవారికి మలిచారు. బొమ్మ వస్తువులు వద్దు, నిజమైనవి ఇవ్వాలి. పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టాలి. నోటితో వివరించడం తగ్గించి చేత్తో నెమ్మదిగా చేసి చూపాలి. పద్ధతి పిల్లల దగ్గరనుంచి వచ్చిందని మనిషిని పిల్లవాణ్ణి చేయకూడదు. "బంగారుతల్లీ, బుజ్జి ముగ్గు వేస్తావా" లాంటి ముద్దుమాటలు, రంగుల బ్లాకులు, పిల్లల బొమ్మల పుస్తకాలు దగ్గరికి రానీయకండి. జబ్బు మాటను పోగొట్టినా మర్యాద తగ్గితే పోల్చుకునే శక్తిని అంత త్వరగా పోగొట్టదు.

ఆచరణలో ఇలా ఉంటుంది. టీవీ కట్టేయండి, ముఖ్యంగా వార్తా చానళ్ల చర్చలు. ఆ అరుపుల్లో ఎవరి బుర్రా పనిచేయదు. కళ్లజోడు తుడిచి పెట్టండి, వినికిడి యంత్రం ఉంటే బ్యాటరీ చూడండి. పని విఫలమైందనుకున్న చాలా సందర్భాల్లో అసలు సంగతి మనిషికి కనిపించకపోవడం. తెల్ల పళ్లెంలో తెల్ల దూది కనిపించదు, ముదురురంగు గుడ్డ పరవండి. నేల మీద నల్లటి పట్టా కొందరికి గొయ్యిలా కనిపించి అటు అడుగు వేయరు. బల్ల మీద ఆ పనికి కావలసినవి తప్ప మరేదీ ఉండకూడదు. మీరు ఎదురుగానో పక్కనో కూర్చుని అదే పని మొదలుపెట్టండి. "చేస్తారా?" అనడిగితే "వద్దు" అంటారు. ఆ వద్దులో చాలావరకు ఉన్నది ఇష్టం లేకపోవడం కాదు, మొదలుపెట్టలేకపోవడం. అందుకని "కాస్త సాయం పట్టండి, ఒక్కదాన్నే చేయలేకపోతున్నా" అంటూ మొదటి కాయ చేతిలో పెట్టండి. చేతికి తగిలాక చెయ్యే దారి చూసుకుంటుంది. నిజంగా వద్దంటే ముఖంలో తెలుస్తుంది. ఇంకోపూట చూడవచ్చు.

పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. చాలామందికి పొద్దుటి పూట బుర్ర తేటగా ఉంటుంది, కొంచెం ఆలోచన కావలసిన పని అప్పుడు పెట్టండి. పొద్దువాలే వేళ కంగారు ఎక్కువవుతుంది. ఆ వేళకు బట్టలు మడతపెట్టడం లాంటి చెయ్యి ఆడే పని మంచిది. లైట్లు ముందే వేయండి.

తప్పు చేస్తే దిద్దకండి. నార సగం తీసి సగం వదిలేస్తే, తర్వాత వంటగదిలో మీరు తీసుకోండి. అదే కుప్ప బట్టలు విప్పేసి మళ్లీ మడతపెట్టించే ఇళ్లున్నాయి. నాకది నచ్చదు. మనిషికి తెలియదన్న ధైర్యంతో చేసే పని అది. ఒకనాడు తెలిసిందంటే నమ్మకం పోతుంది. ఉతికిన బట్టలు ఏ ఇంట్లోనైనా రోజూ ఉంటాయి, కాస్త ఓపిక పట్టి అవి వచ్చేదాకా ఆగవచ్చు. చేసినదాన్ని వాడండి. ఆవిడ కట్టిన మాల దేవుడికి వేయండి, ఆయన స్టాంపు వేసిన కాగితాన్ని ఫైల్లోనే ఉంచండి.

ప్రమాదాలు ముందే చూసుకోవాలి. కత్తిపీట వద్దు. పొయ్యి దగ్గర ఒంటరిగా వదలవద్దు. అన్నీ నోట్లో పెట్టుకునే దశకు వచ్చినవారి దగ్గర చింతగింజలు, బొత్తాలు, చిల్లర నాణేలు ఉంచకూడదు. వామనగుంటలు ఆడించేటప్పుడు గురివింద గింజలు ఎవరి ఇంట్లోనూ వద్దు, అవి విషం. పెద్ద గవ్వలు తెచ్చుకోండి.

పాటల గురించి కొంచెం చెప్పాలి. మనిషికి పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య విన్నవి, చూసినవి మిగతా జీవితం కన్నా గట్టిగా నిలుస్తాయి. 1947లో పుట్టినవారికి అవి 1957 నుంచి 1977 దాకా. అంటే ‘మాయాబజార్’ మొదలుకొని ‘గుండమ్మ కథ’, ‘మూగమనసులు’, ఘంటసాల గొంతు వెళ్లిన చోటల్లా. మీకు నచ్చిన పాత పాటలు కాకుండా వారి లెక్క ప్రకారం పాతవి పెట్టండి. రోజంతా మోగే స్పీకరు గోడలో కలిసిపోతుంది. రెండు పాటలు పెట్టి, ఆపి, వాళ్ల పెదవులు కదిలే చోటు చూడండి. మాట పడిపోయినవాళ్లు చరణం పాడటం వింతేమీ కాదు.

"గుడికి తీసుకెళ్లినా గంటలో మర్చిపోతుంది, ఎందుకింత శ్రమ?" అనేవాళ్లకు ఒక సంగతి. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో హిప్పోక్యాంపస్ దెబ్బతిన్న ఐదుగురికి దుఃఖం కలిగించే సినిమా ముక్కలు చూపించారు. చూసింది మర్చిపోయాక కూడా వాళ్లలో ఆ దుఃఖం మిగిలే ఉంది. సంతోషానికీ అలాగే జరిగింది. 2010లో వెలువడిన ఆ ఫలితమే తర్వాత అల్జీమర్స్ ఉన్నవారిలోనూ కనిపించింది. పొద్దున మీరు విసుక్కున్న మాట ఆమెకు గుర్తుండదు, విసుగు మాత్రం మధ్యాహ్నం దాకా ఉంటుంది. గుడి ముచ్చట కూడా అంతే.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి వీడియో కాల్ చేసే పిల్లలకు ఇదే చెబుతాను. "భోంచేశావా, ఏం కూర, నిన్న ఎవరొచ్చారు?" అన్నీ హిప్పోక్యాంపస్ ప్రశ్నలే. ఫోను పట్టుకుని మీ పెరట్లో పెట్టిన తోటకూర చూపించండి. ముక్కలు కోస్తూ "ఉప్పెంత వేయమంటావు?" అని అడగండి. ఇద్దరూ కలిసి ఒక పాట పాడుకోండి. అమ్మానాన్నలను అక్కడికే తెచ్చుకున్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. డే సెంటరులో అంతా ఇంగ్లీషైతే ఎంత మంచి కార్యక్రమమైనా వాళ్లకు గోల. జబ్బు పెరిగేకొద్దీ తర్వాత నేర్చిన భాష ముందు జారిపోయి మొదటి భాష మిగలడం చాలామందిలో చూస్తాం. వారానికి రెండు గంటలు తెలుగు మాట్లాడే మనిషిని వెతికిపెట్టండి.

మంచం పట్టిన దశలో పనులు చిక్కి, చెయ్యికీ ముక్కుకీ చెవికీ పరిమితమవుతాయి. వాడిన పట్టుచీర చెంగు వేళ్లకు తగిలేలా ఉంచడం, అరచేతులకు గోరువెచ్చని నూనె రాయడం, మరువం వాసన, సాంబ్రాణి. తినిపించేటప్పుడు మింగడంలో తేడా కనిపిస్తే రుచి చూపించే ప్రయత్నాలు డాక్టరును అడిగాకే.

ఇదంతా ఎవరు చేయాలి? నిజం చెప్పుకోవాలంటే ఇంట్లో ఒకే ఆడమనిషి నెత్తిన పడుతుంది. రోజుకు ఒక పని చాలు, అన్నీ పెట్టుకుంటే ఆవిడ కూలబడుతుంది. అటెండరును పెట్టుకున్నవాళ్లు వచ్చిన రోజే చెప్పండి, స్నానం, మందులతో పాటు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి పని చేయించడం కూడా ఆ జీతంలో భాగమని. పెద్దవాళ్ల సమస్యల మీద సలహాకు 14567, చూసుకునేవారి మనసు బాగాలేకపోతే టెలిమానస్ 14416, ఈ రెండు నంబర్లు ఫ్రిజ్ మీద అంటించండి. పక్కనే ఒక నోటుపుస్తకం వేలాడదీయండి. అందులో రాతలు ఇలా ఉంటే డాక్టరుకూ పనికొస్తాయి: "సోమవారం పొద్దున పది. వత్తులు, ఇరవై నిమిషాలు. పాట పెడితే ఇంకాసేపు చేశారు. సాయంత్రం ఐదు. బట్టల మడత వద్దన్నారు, కళ్లజోడు పెట్టలేదు. రేపు మళ్లీ చూడాలి."